వన్ ఆఫ్ సెవెంటీ నుంచి డీఓఐ దాకా: మన్యం సమాచారానికి చెరగని నంబరు

పాడేరు సంతలో నిలబడి "ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు నిబంధనలు, 1959" ఏం చెబుతాయని అడిగితే జవాబు రావడం కష్టం. "వన్ ఆఫ్ సెవెంటీ" అనండి, చింతపండు గంప దించుకుంటున్న ముసలమ్మ కూడా మాట కలుపుతుంది. 1959 నాటి నిబంధనలను 1970లో ఒకటో నంబరు రెగ్యులేషన్ సవరించింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని, గిరిజనేతరుడి దగ్గరున్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని ముందుగా భావించాలని చెప్పింది ఆ సవరణే. చట్టం పేరు పొడుగ్గా ఉంది. నంబరు నాలుకకు పట్టింది. తహసీల్దారు కార్యాలయంలోనూ కోర్టులోనూ ఊరేగింపులోనూ ఒకే నంబరు చెబితే అందరికీ ఒకే చట్టం అర్థమవుతుంది.

ఇంకో నంబరు చూడండి: జీఓ 3. ఏజెన్సీ పాఠశాలల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనన్న ఉత్తర్వు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అప్పటి నుంచి దాని పునరుద్ధరణ కోసం మన్యంలో ధర్నాలు జరుగుతూనే ఉన్నాయి. కానీ జీఓల సంఖ్య ప్రతి ఏడాదీ, ప్రతి శాఖలోనూ ఒకటి నుంచి మళ్లీ మొదలవుతుంది. పైగా ఎంఎస్ వరుస వేరు, ఆర్టీ వరుస వేరు. ఏటా ఎన్ని శాఖలుంటే అన్ని 'జీఓ 3'లు పుడతాయన్నమాట. మనం మాట్లాడుతున్నది సాంఘిక సంక్షేమ శాఖ 2000 జనవరి 10న ఇచ్చిన ఎంఎస్ నంబరు 3. అంత వివరం చెబితే తప్ప కంప్యూటరుకు అది ఏ జీఓనో తెలియదు. మనిషికి సందర్భం తెలుసు, యంత్రానికి తెలియదు.

నంబరు సరిగ్గా చెప్పినా ఇంకో చిక్కు ఉంది. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీఓలను తన బహిరంగ వెబ్‌సైటులో పెట్టడం ఆపేసింది. కొన్ని ఉత్తర్వులు ఈ-గెజెట్‌లో కనిపించేవి. 2024లో ప్రభుత్వం మారాక పాత సైటును పునరుద్ధరించారు. ఈ మధ్యకాలంలో పిటిషన్లలో, వ్యాసాలలో, థీసిస్‌లలో ఆ సైటు లింకులిచ్చిన వాళ్ల పరిస్థితి ఏమిటి? కాగితం ఉంది, నంబరూ ఉంది, దొరికే చోటు మాత్రం సర్కారు చిత్తం మీద ఆధారపడింది. ఇది ఒక్క రాష్ట్రం సంగతి కాదు. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత తెరుచుకోవడం లేదని అమెరికాకు చెందిన ప్యూ పరిశోధన సంస్థ 2024లో లెక్క తేల్చింది.

నంబరు వేరు, చిరునామా వేరు

పరిశోధకుల ప్రపంచం ఈ సమస్యకు కనిపెట్టిన ఉపాయమే 'పర్సిస్టెంట్ ఐడెంటిఫైయర్'. మన మాటల్లో చెరగని గుర్తింపు నంబరు. దాని వెనక ఆలోచన చాలా మామూలుది. వెబ్ లింకు చిరునామా లాంటిది: ఫలానా వీధి, ఫలానా ఇల్లు. ఇల్లు మారితే ఆ చిరునామాకు రాసిన ఉత్తరం తిరిగి వస్తుంది. చిరునామాకు బదులు మనిషికే ఒక నంబరిచ్చి, ఆ మనిషి ఇప్పుడు ఎక్కడుంటున్నాడో ఒక పట్టీలో రాసిపెట్టి, ఇల్లు మారినప్పుడల్లా పట్టీని సరిచేస్తే ఉత్తరం తప్పిపోదు.

అలాంటి పట్టీల్లో పాతది హ్యాండిల్ వ్యవస్థ. ఇంటర్నెట్‌కు పునాది వేసిన ఇద్దరిలో ఒకరైన రాబర్ట్ కాన్ స్థాపించిన సంస్థలో అది తయారయింది. దాని మీద కట్టిందే డీఓఐ. 2000లో వాడకంలోకి వచ్చిన ఈ నంబరు ఎప్పుడూ 10తో మొదలవుతుంది. తర్వాత చుక్క, నంబరు ఇచ్చే సంస్థ సంఖ్య, గీత, ఆ వస్తువు సంఖ్య. ఏదైనా డీఓఐని డీఓఐ డాట్ ఆర్గ్ పక్కన పెట్టి కొడితే, ఆ వ్యాసం లేదా డేటా ప్రస్తుతం ఏ సర్వర్ మీద ఉందో అక్కడికి మళ్లిస్తుంది. పత్రికల వ్యాసాలకు ఈ నంబర్లు ఎక్కువగా క్రాస్‌రెఫ్ ద్వారా వస్తాయి. డేటాకు నంబర్లిచ్చేందుకు 2009లో డేటాసైట్ ఏర్పడింది. మనుషులకు ఆర్కిడ్ అనే పదహారు స్థానాల నంబరు 2012లో వచ్చింది. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న పదిమంది పరిశోధకులను విడదీయడానికి అది. విశ్వవిద్యాలయాలకు, సంస్థలకు రోర్ అనే నంబరు 2019లో మొదలయింది.

మన దగ్గర విద్యార్థులు రోజూ వాడుతూ గమనించని ఉదాహరణ శోధ్‌గంగ. పీహెచ్‌డీ థీసిస్‌ల ఎలక్ట్రానిక్ ప్రతులు ఇవ్వాలని యూజీసీ 2009లో నిబంధన పెట్టింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాటిని శోధ్‌గంగలో ఉంచుతుంది. అక్కడి ప్రతి థీసిస్‌కూ 10603తో మొదలయ్యే హ్యాండిల్ ఉంటుంది. థీసిస్ పేజీలో అడుగున కనిపించే ఆ నంబరును ఫుట్‌నోట్‌లో రాయాలి. బ్రౌజర్ పైన కనిపించే పొడవాటి లింకును రాయకూడదు. మన విద్యార్థుల్లో చాలామంది రెండోదే రాస్తారు. రేపు సాఫ్ట్‌వేర్ మారితే ఆ లింకు చస్తుంది, హ్యాండిల్ బతుకుతుంది.

ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. నంబరులో మాయ ఏమీ లేదు. పట్టీని సరిచేసే బాధ్యత ఎవరో ఒకరు తీసుకున్నంత కాలమే అది పనిచేస్తుంది. డీఓఐ ఇచ్చిన సంస్థ మూతపడి, పట్టీని ఎవరికీ అప్పగించకపోతే డీఓఐ కూడా చచ్చిన లింకే. అందుకే ఎవరి దగ్గర నంబరు తీసుకుంటున్నామన్నది ముఖ్యం.

కొటియాలో ఒక ఊరికి రెండు పేర్లు

సాలూరు దాటి కొండెక్కితే వచ్చే కొటియా గ్రామాల మీద ఆంధ్ర, ఒడిశాల తగాదా 1968లోనే సుప్రీంకోర్టుకు చేరింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ మూడు ఊళ్లలో పంచాయతీ ఎన్నికలు పెట్టింది. ఒడిశా మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ మూడు ఊళ్లకు ఒడిశా కాగితాల్లో పేర్లు గంజేయిపదర్, ఫటుసెనెరి, ఫగునసెనెరి. ఆంధ్ర కాగితాల్లో గంజాయిభద్ర, పట్టుచెన్నూరు, పగులుచెన్నూరు. కొండ ఒకటే, కొళాయి ఒకటే, జ్వరం ఒకటే. రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్న కుటుంబాలున్నాయి. మలేరియా మీద పనిచేసే విద్యార్థి ఒక పేరుతో వెతికితే సగం సమాచారం కనబడదు, రెండు పేర్లతో తీసి కలిపితే ఒకే ఊరు రెండుసార్లు లెక్కకు వస్తుంది.

పేరుతో వెతకడం ఎంత ప్రమాదమో తెలియాలంటే కొటియా దాకా వెళ్లక్కర్లేదు. 'గదబ' అన్న మాటే చాలు. గదబలలో ఒక పాయ మాట్లాడే గుతోబ్ ముండా కుటుంబపు భాష, అంటే సవరకు చుట్టం. ఇంకో పాయ మాట్లాడే ఒల్లారి, కొండెకోర్ ద్రావిడ భాషలు, అంటే తెలుగుకు చుట్టాలు. జనగణన పట్టికలో మాత్రం 'గదబ' అని ఒకే గడి. ఒక భాష అంతరించిపోతోందా లేదా అని ఆ అంకె చూసి చెప్పలేం, అది రెండు వేర్వేరు భాషా కుటుంబాల మొత్తం కనుక. అంతర్జాతీయ భాషా కోడుల ప్రమాణంలో గుతోబ్‌కు జీబీజే, ఒల్లారికి జీడీబీ, కొండెకోర్‌కు జీఏయూ అని మూడక్షరాల కోడులు విడివిడిగా ఉన్నాయి. కొండదొరల కూబి భాషకు కేఎఫ్‌సీ. ఆంధ్రలో సామంతులని, కోదులని, ఒడిశాలో కంధలని పిలిచే వాళ్లలో చాలామంది మాట్లాడే కువికి కేఎక్స్‌వీ. రికార్డింగుకు పేరు ఎలా పెట్టినా, పక్కన ఆ మూడక్షరాలు ఉంటే యాభై ఏళ్ల తర్వాత కూడా అది ఏ భాషో తెలుస్తుంది.

భద్రిరాజు కృష్ణమూర్తి గారు కూబి భాష మీద రాసిన పుస్తకం 1969లో హైదరాబాదులోని గిరిజన సాంస్కృతిక పరిశోధన శిక్షణ సంస్థ నుంచి వచ్చింది. పుస్తకాలకు వాడే ఐఎస్‌బీఎన్ అంతర్జాతీయ ప్రమాణమైంది 1970లో. అంటే ఈ పుస్తకం ఆ నంబరుకు ఒక ఏడు ముందే పుట్టింది. అంతకు ముందు గిడుగు రామమూర్తి పంతులు గారి సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. ఇలాంటి పాత పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి చోట ఎక్కిస్తే అవి కూడా ఏఆర్‌కే అనే చెరగని నంబరు పొందుతాయి. 'సవర' అని వెతికినా 'సోర' అని వెతికినా దొరకాలంటే ఎక్కించేవాళ్లు రెండు పేర్లూ రాయాలి.

ఊళ్లకు వద్దాం. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అప్పటిదాకా విశాఖపట్నం జిల్లాలో ఉన్న పదకొండు ఏజెన్సీ మండలాలు పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. 2011 జనగణనలో అరకులోయ విశాఖ జిల్లా. 2019లో జరిగిన అయిదో కుటుంబ ఆరోగ్య సర్వేలోనూ విశాఖ జిల్లాయే. అంటే బీచ్ రోడ్డు అపార్టుమెంట్లూ ముంచంగిపుట్టు గూడేలూ కలిసి ఒక సగటు. ఆ సగటులో మన్యం స్త్రీల రక్తహీనత ఎంత పలచబడిందో వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు కొత్త జిల్లాకు పాత అంకెలు కావాలంటే ఊరు ఊరుగా తీసి మళ్లీ కూడాలి. జిల్లా పేరు పట్టుకుంటే కుదరదు. 2011 జనగణన ప్రతి రెవెన్యూ గ్రామానికి ఇచ్చిన ఆరంకెల కోడు, పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడు — ఈ రెండూ పట్టుకుంటే కుదురుతుంది. జిల్లా గీతలు మారినా ఊరి కోడు ఊరితోనే ఉండాలన్నదే వాటి ఉద్దేశం.

మరి గూడెం? మన్యంలో మనుషులు బతికేది రెవెన్యూ గ్రామంలో కాదు, దాని శివార్లలోని గూడేల్లో. ఒక పంచాయతీ కింద పది, పదిహేను ఆవాసాలు ఉండవచ్చు. డోలీ మోసేది ఆ గూడెం నుంచే. కానీ ఆసుపత్రికి చేరేలోపు ప్రాణం పోతే ఆ మరణం నమోదయ్యేది గ్రామం పేరు మీద. గ్రామం రోడ్డు పక్కనే ఉంటుంది కనుక పట్టికలో చూసేవాడికి "రోడ్డున్న ఊరే కదా" అనిపిస్తుంది. నంబరు లేకపోవడం అంటే ఇది. అధికారిక కోడు వచ్చేదాకా ఆగకుండా మనం చేయగలిగింది ఒకటుంది: సర్వేలో ప్రతి గూడేనికీ అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, మాతృ గ్రామం కోడు పక్కన రాయడం. ఆధారం చూపగలిగితే వికీడేటాలో ఆ గూడేనికి ఒక క్యూ నంబరు కూడా తీసుకోవచ్చు. తెలుగు పేరు, ఒడియా పేరు, జనగణన కోడు, జాగా అన్నీ ఆ ఒక్క నంబరు కింద చేరతాయి. కొటియా లాంటి చోట ఇది చాలా అక్కరకొస్తుంది.

యంత్రం చదవాలంటే

దొరకడం ఒక ఎత్తు, యంత్రం చదవగలగడం ఇంకో ఎత్తు. మన దగ్గర కాగితాల్లో ఎక్కువ భాగం కంప్యూటరుకు ఫొటోలే. జీఓను ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి పీడీఎఫ్ చేస్తారు. అందులో 'అరకు' అన్న మాట మన కంటికి కనిపిస్తుంది, యంత్రానికి నల్ల చుక్కలు కనిపిస్తాయి. థీసిస్‌ల వెనక అనుబంధాల్లో ఉండే బంగారంలాంటి ఇంటింటి పట్టికలదీ ఇదే గతి.

తెలుగుకు అదనంగా ఒక శాపం ఉంది: అను ఫాంట్లు. ముప్పై ఏళ్లుగా మన డీటీపీ సెంటర్లలో తయారైన కరపత్రాలు, నిజనిర్ధారణ నివేదికలు, వినతిపత్రాలు ఎన్నో అనులో టైపు చేసినవే. తెర మీద తెలుగులా కనిపిస్తాయి. లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. ఏ సెర్చి ఇంజనూ వాటిలో ఒక్క తెలుగు మాట పట్టుకోలేదు. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత దళిత ఉద్యమం అచ్చువేసిన సాహిత్యాన్ని భద్రపరుస్తున్న వాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు ఉన్నాయి. మార్చాక ఒత్తులు, పొల్లులు ఒక మనిషి కూర్చుని సరిచూడాలి. ఆ పని కాకుండా డీఓఐ తీసుకోవడం అంటే తాళం వేసిన పెట్టెకు చక్కటి చీటీ అంటించడమే.

పట్టికలైతే సీఎస్వీ రూపంలో, యూటీఎఫ్-8లో దాచండి. ఒక గడిలో ఒకే సంగతి ఉండాలి. "3 ఎకరాలు, పట్టా లేదు" అని ఒకే గడిలో రాస్తే మనిషికి అర్థమవుతుంది, కూడిక రాదు. ఎక్సెల్‌తో ఇంకో జాగ్రత్త: సర్వే నంబరు 5/12 అని కొడితే అది దాన్ని తేదీగా మార్చేస్తుంది. భూమి పోవడానికి మన్యంలో ఇప్పటికే చాలా దారులున్నాయి, ఎక్సెల్ కూడా అందులో చేరనక్కర్లేదు. ఆ వరుసను ముందే టెక్స్ట్‌గా మార్చుకోండి.

నంబరుతో పాటు నింపే వివరాలనే మెటాడేటా అంటారు. డీఓఐని మనిషి తెరిస్తే పేజీ వస్తుంది, ప్రోగ్రాం అడిగితే ఆ వివరాలు మాత్రమే వరుసగా వస్తాయి. యంత్రం చదవడం అంటే అసలు ఇదే. డేటాసైట్ పద్ధతిలో తప్పనిసరిగా నింపాల్సినవి కొన్నే: నంబరు, కర్త, శీర్షిక, ప్రచురణకర్త, సంవత్సరం, వస్తువు రకం. కానీ ఐచ్ఛికంగా ఉన్న గడుల్లోనే మన రాజకీయం ఉంది: స్థలం, భాష, ప్రత్యామ్నాయ శీర్షిక, తోడ్పడినవారు, హక్కుదారు, దీనికి సంబంధించిన ఇతర నంబర్లు. ఆ గడులు ఖాళీగా వదిలేస్తే మన సర్వే కోట్ల రికార్డుల్లో 'భారతదేశం, గిరిజనులు' అని పడి ఉంటుంది.

నంబరు ఎవరికి ఉంది, ఎవరికి లేదు

ఈ వ్యవస్థను ఒకసారి పై నుంచి చూడండి. వ్యాసానికి డీఓఐ ఉంది. రాసిన ఆచార్యుడికి ఆర్కిడ్ ఉంది. ఆయన విశ్వవిద్యాలయానికి రోర్ ఉంది. మందుమొక్క పేరు, వాడే విధానం చెప్పిన అరకు వైద్యుడు, కథ చెప్పిన ఒల్లారి అమ్మ, రక్తం ఇచ్చిన పోర్జా కుర్రాడు — వీళ్లు 'ఇన్‌ఫార్మెంట్లు'. ఎంతమంది అన్న అంకె మాత్రమే ఉంటుంది. నంబర్ల గొలుసు ఊరి పొలిమేర దగ్గర తెగిపోతుంది.

దీనివల్ల ఏమవుతుందో గోదావరి మన్యం అంచున భద్రాచలం చూసింది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో అమెరికా సంస్థ పాత్, భారత వైద్య పరిశోధన మండలితో కలిసి బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసింది. ఖమ్మంలో వేసింది దాదాపు 14 వేల మందికి. వారిలో ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండే గిరిజన, దళిత పిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని అధికారిక విచారణ అంది. అయినా 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన 72వ నివేదిక సమ్మతి ఎలా తీసుకున్నారో బయటపెట్టింది: ఆంధ్రలోని 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. దీన్ని క్లినికల్ ట్రయల్ అనకుండా పరిశీలనా అధ్యయనం అనడం ద్వారా ట్రయల్స్ నియమాలు తప్పించుకున్నారని కూడా సంఘం తప్పుపట్టింది.

ఇందులో నంబర్ల సంగతి ఎక్కడుంది? దేశంలో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007 జులైలో మొదలై, 2009 జూన్ 15 నుంచి ట్రయల్స్ నమోదు తప్పనిసరి అయింది. నమోదైన ప్రతి ట్రయల్‌కూ సీటీఆర్‌ఐ నంబరు వస్తుంది. బాధ్యుడెవరు, డబ్బెవరిది, నైతిక కమిటీ ఏది అన్నవి ఆ నంబరు కొడితే ఎవరైనా చూడవచ్చు. పేరు మార్చి పిలిస్తే నియమం మారుతుందన్నప్పుడు, ఏ వర్గం కింద నంబరు ఇవ్వాలన్నది కూడా పోరాట విషయమే అవుతుంది. నా అభిప్రాయంలో ప్రతి సమ్మతి పత్రం తల్లిదండ్రుల దగ్గర మిగిలే చించు చీటీతో ఉండాలి, ఆ చీటీ మీద అధ్యయనం నంబరు తెలుగులో, వాళ్ల భాషలో ఉండాలి. ఇక 72వ నివేదిక: అప్పట్లో పార్లమెంటు కమిటీ నివేదికల లింకులు పేరుతో కాక అంకెల సర్వర్ చిరునామాతో మొదలయ్యేవి. పార్లమెంటు సైట్లు సంసద్ డాట్ ఇన్‌కు మారాయి. పాత వ్యాసాల్లోని లింకులను నమ్ముకోకండి. "ఆరోగ్య స్థాయీ సంఘం, 72వ నివేదిక, 2013" అని రాయండి.

కోర్టు తీర్పుల విషయంలో పరిస్థితి కొంత మెరుగు. అనంతగిరి మండలం నిమ్మలపాడు గనుల లీజుల మీద మొదలై 1997 జులై 11న వచ్చిన సమత తీర్పును ఇన్నాళ్లూ ప్రైవేటు ప్రచురణల సంఖ్యలతోనే చెప్పాం: ఏఐఆర్ 1997 సుప్రీంకోర్టు 3297 అని ఒకరు, 1997లో 8వ సంపుటం ఎస్‌సీసీ 191 అని ఇంకొకరు. తీర్పు ఒకటే, చెప్పే సంఖ్యలు రెండు. 2023లో సుప్రీంకోర్టు తన తీర్పులకు సంవత్సరం, ఐఎన్ఎస్‌సీ, వరుస సంఖ్యతో సొంత తటస్థ సంఖ్య ఇవ్వడం మొదలుపెట్టింది. పుస్తకాలు కొనలేని లా విద్యార్థికి ఇది చిన్న మేలు కాదు.

అన్నీ తెరిచి పెట్టకూడదు

శాస్త్రవేత్తలు 2016లో 'ఫెయిర్' అనే నాలుగు సూత్రాలు ప్రకటించారు: డేటా దొరకాలి, అందాలి, ఇతర డేటాతో కలవాలి, తిరిగి వాడుకోదగ్గదిగా ఉండాలి. మంచివే. కానీ ఎవరికి దొరకాలి? గనుల కంపెనీకి, మందుల కంపెనీకి కూడా దొరుకుతుంది. ఈ ప్రశ్నతోనే ప్రపంచ ఆదివాసీ డేటా కూటమి 2019లో 'కేర్' సూత్రాలు పెట్టింది: సమష్టి ప్రయోజనం, నియంత్రించే అధికారం, బాధ్యత, నైతికత. జెర్రెల, గాలికొండ బాక్సైటు కోసం ఎంత తవ్వకం ప్రయత్నం జరిగిందో చూసినవాళ్లకు కేర్ ఎందుకో వివరించక్కర్లేదు.

డీఓఐకి ఒక గుణం ఉంది, అదే దోషం కూడా: ఒకసారి బయటికి వెళితే వెనక్కి రాదు. ఫైలు తీసేసినా "ఇక్కడ ఇది ఉండేది" అన్న సమాధి పేజీ ఉంటుంది. ఈలోగా యంత్రాలు ప్రతులు తీసుకుని ఉంటాయి. కాబట్టి అత్యాచార బాధితుల గుర్తింపు, అట్రాసిటీ కేసుల సాక్షుల పేర్లు, ఆధార్, రేషన్ కార్డు సంఖ్యలు, పవిత్ర స్థలాల ఖచ్చితమైన జాగా, గూడెం ఒప్పుకోని మూలికా విజ్ఞానం — ఇవి ఫైలులో ఉండనే కూడదు. ముప్పై ఇళ్ల గూడెంలో పేరు తీసేసినంత మాత్రాన మనిషి దాగడు. "వితంతువు, వయసు 62, కమ్మర కుటుంబం" అంటే ఊళ్లో ఒక్కరే ఉంటారు. అలాంటి డేటాను మెటాడేటా మాత్రం బహిరంగంగా, ఫైలు మాత్రం అనుమతితో ఇచ్చే పద్ధతిలో పెట్టాలి. ఉందని లోకానికి తెలుస్తుంది. చూడాలంటే అడగాలి.

ఒక చిన్న బృందం ఏం చేయవచ్చు

డబ్బు లేని సంఘానికి, విద్యార్థి బృందానికి సులభమైన చోటు జెనోడో. ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్ 2013 నుంచి దాన్ని ఉచితంగా నడుపుతోంది. ఒక్కో రికార్డుకు 50 జీబీ దాకా పెట్టవచ్చు. ప్రచురించకముందే డీఓఐని రిజర్వు చేసుకునే వీలుంది. ఆ నంబరును నివేదిక ముఖపత్రం మీద, కరపత్రం మీద, పత్రికా ప్రకటనలో ముందే అచ్చువేయవచ్చు. తర్వాత తప్పులు దిద్ది కొత్త ప్రతి పెడితే ప్రతి ప్రతికీ ఒక నంబరు, అన్ని ప్రతులకూ కలిపి ఒక నంబరు వస్తాయి. కోర్టులో వేసేటప్పుడు ఆ ప్రతి నంబరు రాయండి, ఎందుకంటే జడ్జి చూడాల్సింది మీరు ఆనాడు చూసిన అంకెలనే. ప్రచారంలో అయితే ఉమ్మడి నంబరు చాలు.

కర్త గడిలో వ్యక్తుల పేర్లే ఉండాలని ఎక్కడా లేదు. సంస్థ పేరు కూడా ఉండవచ్చు. గ్రామసభ తీర్మానం చేసి ఇచ్చిన అటవీ హక్కుల పటం అయితే కర్త గ్రామసభే, హక్కుదారూ గ్రామసభే. డేటా సేకరించిన కుర్రవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేర్లు తోడ్పడినవారి గడిలో 'డేటా సేకర్త'గా రాయండి. అరకు డిగ్రీ కాలేజీ విద్యార్థికి ఆర్కిడ్ నంబరు తీసుకోవడానికి పైసా ఖర్చు లేదు, అయిదు నిమిషాల పని. శీర్షిక తెలుగులో పెట్టి, ప్రత్యామ్నాయ శీర్షికగా ఇంగ్లీషు ఇవ్వండి. మనవాళ్లు తరచూ దీనికి తిరగేసి చేస్తారు, లేదా తెలుగే పెట్టరు. సంబంధిత నంబర్ల గడిలో శోధ్‌గంగ హ్యాండిల్, పత్రికా వ్యాసం డీఓఐ చేర్చండి. వాటి గురించి వెతికేవాళ్లకు మీ పని కూడా తగులుతుంది. స్థలం గడిలో ఊరి పేరు, దాని రెండో పేరు రాయండి. జనగణన కోడుకు వేరే గడి లేదు కనుక దాన్ని వివరణలో ఉంచండి.

ప్రభుత్వ పేజీలను ఉదహరించేటప్పుడు ఇంకో అలవాటు చేసుకోండి. ఆ పేజీని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో 'సేవ్ పేజ్ నౌ' ద్వారా ఆ రోజే దాచి, ఆ తేదీ ఉన్న లింకు ఇవ్వండి. 2021లో ఆ అలవాటున్న వాళ్ల ఫుట్‌నోట్లు నిలబడ్డాయి.

ఇక అధికారులను అడగవలసింది. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(ఎ) ప్రతి ప్రభుత్వ సంస్థ తన రికార్డులను పట్టిక వేసి, సూచిక పెట్టి ఉంచాలని, వీలైనవాటిని కంప్యూటరీకరించాలని 2005 నుంచీ చెబుతోంది. దరఖాస్తులో సమాచారం మాత్రమే అడగకుండా, ఆ సమాచారం ఏ ఫైలు నంబరు కింద ఉందో, ఊరి కోడులతో సీఎస్వీలో ఇవ్వగలరా అని కూడా అడగండి. ఐటీడీఏకు రాసేటప్పుడు గూడేల జాబితా, ఒక్కో గూడేనికి వాళ్లు వాడే కోడు ఏదైనా ఉంటే అది, లేకపోతే లేదన్న జవాబు — మూడూ లిఖితపూర్వకంగా కోరండి. వచ్చిన జవాబును స్కాన్ చేసి, అందులోని పట్టికను యూనికోడ్‌లో టైపు చేసి, అధికారుల వ్యక్తిగత ఫోన్ నంబర్లు కనిపించకుండా చేసి, రెండు ఫైళ్లూ ఒకే డీఓఐ కింద పెట్టండి.